పగటి వెలుగు కోసం అర్జీ

కళ్ళున్నది చూడటానికేనన్నది అపోహ. పైకి నివేదిక పంపడానికి కూడా అవి ఉన్నాయని ఇందుమూలంగా తెలియజేయడమైనది.

నేను రికార్డుల సెక్షన్లో సూపరింటెండెంటుగా ఉండేవాణ్ణి. తెల్లారకముందే ఆఫీసుకెళ్ళి, పొద్దుగూకాక ఇంటికొచ్చేవాణ్ణి. సెక్షన్‌కి ఉన్న రెండు కిటికీలకూ అట్టలు బిగించి ఉన్నాయి. (సిబ్బంది బయటికి చూస్తున్నారని బిగించమన్న సర్క్యులర్ నాదే.) రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు, పగలు ఆగేది కాదు. మూడు మీటింగుల్లో గురకపెట్టాక మెమో వచ్చింది: నాలుగోసారి జరిగితే ఉద్యోగం ఉండదని. నిజంగానే భయమేసింది. మూతపడేవి కళ్ళు గనక తప్పు వాటిదేనని తేల్చుకుని కంటి డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను.

"రెటీనాలో కొన్ని గాంగ్లియాన్ కణాలు నేరుగా వెలుగునే పసిగడతాయండీ. బొమ్మలతో వాటికి పెద్దగా పనిలేదు. బయట వెలుతురెంతో మెదడుకి చెబుతాయి, ఒంట్లో గడియారం దాన్నిబట్టే నడుస్తుంది. మీరు వాటికి పగలే చూపించట్లేదు" అందావిడ. రోజూ పొద్దున అరగంట వెలుతురులో కూర్చోమంది.

ఏమీ పట్టించుకోకుండా పైకి నివేదికలు పంపే ఉద్యోగిని నేనొక్కణ్ణే అనుకున్నాను. నా కంట్లోనే ఇంతమంది ఉన్నారు, పదిహేనేళ్ళుగా "ఇంకా చీకటే" అని రాస్తూ.

ఒక కిటికీకి అట్ట తీయించమని అర్జీ పెట్టాను. పై అధికారి దాన్ని పరిశీలన కోసం సంబంధిత సెక్షన్‌కి, అంటే నాకు, పంపారు. ఏ అర్జీనైనా మొదటిసారి తిప్పి పంపడం మా సెక్షన్ ఆనవాయితీ.

"సంతకం మీదేగా, పెట్టేయొచ్చుగా?" అంది మా ఆవిడ.

"రూలుందిగా."

"రాసిందెవరో?"

గదిలో వెలుతురు లేదనడానికి ఆధారం జతపరచలేదని నా అర్జీని నేనే తిప్పి పంపాను. అర్జీదారు హోదాలో గది ఫోటో తీసి జతపరిచాను. సూపరింటెండెంటు హోదాలో చూస్తే ఫోటోలో ఏమీ కనిపించలేదు. మళ్ళీ తిప్పి పంపాను. ఆ మధ్యాహ్నమే నాలుగో మీటింగు జరిగింది. (జరిగిందని తర్వాత చెప్పారు.)

ఇప్పుడు రోజూ పొద్దున్నే వీధిలో నడుస్తున్నాను. హాయిగా నిద్రపడుతోంది. నా కుర్చీలోకొచ్చినాయన దగ్గర్నుంచి నిన్న ఉత్తరం వచ్చింది: అర్జీదారు ప్రస్తుతం ఉద్యోగి కానందున వెలుగుకు అర్హుడు కాడని.

ఎండలో నిలబడి రెండుసార్లు చదివాను. అభ్యంతరం సబబుగానే ఉంది.