దిమ్మె మీద ఎవరు?

"స్టేడియం ముందు విగ్రహానికి దిమ్మె కట్టేశాం. ఇక దాని మీద ఎవర్ని నిలబెట్టాలన్నదే మిగిలింది!" అని క్రీడల మంత్రిగారు ప్రెస్ మీట్‌లో ప్రకటించారు. ముందు దిమ్మె, తర్వాత మనిషి. దూరదృష్టి అంటే అదీ!

పోటీలో ఉన్నది ఇద్దరు ఫుట్‌బాల్ ఆటగాళ్లు. గోల్స్ కొట్టి 'ఫిరంగి'గా పేరుమోసినవాడొకడు, గోల్స్ ఆపి 'తలుపు'గా పేరుమోసినవాడొకడు. ఇద్దరూ ఒకే జట్టుకి ఆడి రిటైరైనవాళ్లే. జట్టు గెలుపులో ఎవరి ఇంపాక్ట్ ఎక్కువో శాస్త్రీయంగా తేల్చే పని క్రీడల శాఖ డిప్యూటీ డైరెక్టర్ నెత్తిన పడింది.

"తేల్చావా, డైరెక్టర్‌వి. తేల్చలేదా, ఈత కొలనుల విభాగానికి పోతావ్," అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా. ఆ విభాగంలో కొలనులున్నాయి గానీ నీళ్లు లేవు. అందులో పడ్డ అధికారి మళ్లీ కనిపించిన దాఖలా కూడా లేదు.

డిప్యూటీ పరుగున తలుపు ఇంటికి వెళ్లాడు. అదృష్టం కొద్దీ ఫిరంగీ అక్కడే ఉన్నాడు. దురదృష్టం ఏమిటంటే వాళ్లిద్దరూ ఇప్పుడు వియ్యంకులు.

"మా బావగారు లేకపోతే జట్టే లేదండీ," అన్నాడు ఫిరంగి.

"అబ్బే, అంతా బావగారి చలవే," అన్నాడు తలుపు.

ఒకరి కూతురు ఇంకొకరి ఇంట్లో కాపురం చేస్తుంటే ఇంతకంటే శాస్త్రీయంగా ఎవరు మాట్లాడతారు? డిప్యూటీకి ఏడుపొక్కటే తక్కువ.

"మీ మంచితనం నా కొంప ముంచేలా ఉంది. పోనీ, ఓడినప్పుడు ఎవరివల్ల ఓడారు? అదన్నా చెప్పండి బాబూ!"

వియ్యంకులు మొహమొహాలు చూసుకున్నారు. ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ మొహమాటం లేదు.

"మంత్రిగారు వచ్చినప్పుడల్లా ఓడాం," అన్నాడు తలుపు. "ఎండలో వరసగా నిలబెట్టి, ఉపన్యాసం దంచి, ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని ఫోటో దిగేవారు. ఆట మొదలయ్యేసరికి మాకు ఓపిక ఎక్కడిది?"

"రాని రోజున హాయిగా గెలిచేవాళ్లం," అన్నాడు ఫిరంగి.

అప్పట్లో పక్కన మైకు పట్టుకుని నిలబడ్డది తనే కాబట్టి, డిప్యూటీ కాదనలేకపోయాడు.

మర్నాడు మంత్రిగారి ఛాంబర్‌లో నిలబడ్డాడు.

"సార్, అందరికంటే పెద్ద ఇంపాక్ట్ తమరిదే."

"తెలుసు. వివరంగా చెప్పు."

"తమరు రాని మ్యాచ్‌లన్నీ జట్టు గెలిచింది సార్."

డిప్యూటీకి ఎండిన కొలను కళ్లముందు మెదిలింది.

మంత్రిగారి కళ్లు చెమ్మగిల్లాయి.

"నేను లేకుండా కూడా ఇంత సేవ చేశానటయ్యా!"

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. తెర లాగితే దిమ్మె మీద ఎవరూ లేరు. కింద పాలరాతి మీద మంత్రిగారి పేరు, దాని కింద "రానందుకు జట్టు కృతజ్ఞతలతో" అన్న మాట చెక్కారు. వియ్యంకులిద్దరూ మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారు.

ఎదురుగా, కాసేపట్లో ఫైనల్ ఆడాల్సిన జట్టు ఎండలో వరసగా నిలబడి ఉంది. కొత్త డైరెక్టర్‌గారు మైకు పట్టుకున్నారు. మంత్రిగారు గొంతు సవరించుకున్నారు.