విషం ఉంది, కానీ...

మే నెల రెండో శనివారం ఉదయం నెస్టర్ బోయ్కో చేయవలసిన పని ఒక్కటే. నేలమాళిగలోంచి రెండు బస్తాల బంగాళాదుంపలు పైకి తెచ్చి, పది గంటలకల్లా చర్చి హాలుకు చేర్చాలి. మధ్యాహ్నం విందుకు ఆడవాళ్లంతా కలిసి అక్కడ దుంపలు కూరి, కజ్జికాయల్లా మడిచి ఉడికించే పెరోగీలు నాలుగు వందలు చేస్తున్నారు. అతని భార్య పరాస్కా పిండి గిన్నె కారులో పెట్టుకుంటోంది.

నెస్టర్ మొదటి బస్తాలో చెయ్యి పెట్టాడు. ఏదో మెత్తగా కదిలింది. చెయ్యి వెనక్కి తీసుకునేలోపే బొటనవేలి పక్కన చురుక్కుమంది. వీపు మీద పసుపు చార ఉన్న గార్టర్ పాము ఒకటి ముక్కు బద్దలయ్యే కంపు వదిలి, గోడ పగులులోకి జారుకుంది.

ఆ ఊరికి పాములు కొత్త కాదు. ఊరి చివర సున్నపురాతి గుంటల్లోంచి మంచు కరిగాక వేలకు వేలు పైకి వస్తాయి. వింత చూడటానికి జనం వస్తారు. ఇరవై రెండేళ్లుగా వాళ్లకు దగ్గరుండి చూపించేది నెస్టరే. "పట్టుకోండమ్మా, భయం లేదు, వీటికి విషం లేదు" అని ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. అలా చెప్పేటప్పుడు తన చేతులు మాత్రం వీపు వెనక కట్టుకునేవాడు.

"పరాస్కా! పాము కరిచింది!" అంటూ మెట్లెక్కి వచ్చాడు.

పరాస్కా అతని చేతి మీది రెండు రక్తపు చుక్కలూ చూసింది. "సబ్బుతో కడుక్కో. రెండుసార్లు కడుగు, కంపు కొడుతున్నావు" అని కారెక్కి వెళ్లిపోయింది.

నెస్టర్ మూడుసార్లు కడుక్కున్నాడు. అయినా మనసు ఊరుకోలేదు. ఊళ్లో ఉన్న చిన్న ఆసుపత్రికి ఫోన్ చేశాడు. అక్కడి నర్సు సోల్వేగ్‌కు అబద్ధం చెప్పడం చేతకాదు.

"ఒక్క మాట చెప్పమ్మా. గార్టర్ పాముకు విషం లేదు కదా?"

"అసలు లేదని ఎలా చెప్పమంటారు, బోయ్కో గారూ? విషం ఉంది, కానీ..."

ఆ తర్వాతి మాట వినే ధైర్యం నెస్టర్‌కు లేకపోయింది. ఫోన్ పెట్టేశాడు. నడుముకున్న బెల్టు తీసి, మోచేతి పైన బలమంతా పెట్టి బిగించాడు. పావుగంటలో చెయ్యి నీలంగా మారింది. "ఎక్కేసింది" అనుకుని కుర్చీలో కూలబడ్డాడు.

చచ్చిపోతానని తేలిపోయాక అతనికి గుర్తొచ్చింది పరాస్కా కాదు, హాల్డోర్. సరస్సులో చేపలు పట్టే హాల్డోర్ ఒకప్పుడు అతనికి ప్రాణస్నేహితుడు. తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. మంచు మీద రాయి జార్చి, దాని ముందు చీపుర్లతో ఊడ్చే కర్లింగ్ ఆటలో ఇద్దరిదీ ఒకే జట్టు. కదిలే రాయిని తాకినవాడు తానే ఒప్పుకోవడం ఆ ఆట మర్యాద. ఆఖరి పోటీలో ఎవరిదో చీపురో కాలో తాకి రాయి దారి తప్పింది. కప్పు చేజారింది. "హాల్డోర్ చీపురు తగిలింది" అని నెస్టర్ అందరి ముందూ అన్నాడు. హాల్డోర్ తన చీపురు ఎత్తుకుని బయటికి నడిచాడు. మళ్లీ ఆ మంచు మీద అడుగు పెట్టలేదు.

నెస్టర్ అతని నంబరు తిప్పాడు. "హాల్డోర్, పాము కరిచింది. పోతున్నాను. ఆ రోజు రాయికి తగిలింది నా కాలురా."

అవతల తాళాల గుత్తి గలగలమంది. తర్వాత "ఎక్కడున్నావు?" అని మాత్రం వినిపించింది.

హాల్డోర్ ట్రక్కులో వచ్చాడు, నీలం చెయ్యి చూశాడు, నెస్టర్‌ను ఎక్కించి ఆసుపత్రి వైపు బండి ఉరికించాడు. మైలున్నర వెళ్లాక గట్టిగా బ్రేకు వేశాడు. ముందు రోడ్డంతా పాములే. గుంటల్లోంచి బయల్దేరి బురద నేలల వైపు దాటుతున్నాయి.

"తొక్కించేసి పోరా, ప్రాణం పోతోంది!" అన్నాడు నెస్టర్.

"ఇన్నిటినీ చంపి నిన్నొక్కణ్ణి బతికించాలా? దిగు" అని హాల్డోర్ ట్రక్కు వెనక నుంచి రెండు పాత కర్లింగ్ చీపుర్లు తీశాడు.

ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఊడవడం మొదలెట్టారు. నెస్టర్ ఒంటి చేత్తోనే ఊడుస్తున్నాడు. "గట్టిగా! గట్టిగా! ఇప్పుడు మెల్లగా!" అని హాల్డోర్ ఆట అలవాటుకొద్దీ అరిచాడు. పాములు మెలికలు తిరుగుతూ గడ్డిలోకి జారిపోతున్నాయి. చావు సంగతి నెస్టర్ కాసేపు మరిచేపోయాడు.

అవతలి వైపు రెండు కార్లు ఆగి ఉన్నాయి. ఒకటి సోల్వేగ్‌ది. మాట మధ్యలో ఫోన్ పెట్టేసిన మనిషి మళ్లీ ఎత్తకపోయేసరికి ఆమె హాలుకు ఫోన్ చేసి, తానూ బయల్దేరింది. హాలులో ఆ కబురు పెరోగీల బల్ల చుట్టూ ఒక్కసారి తిరిగేసరికి నెస్టర్ ఆఖరి ఊపిరి మీద ఉన్నాడు. అందుకే రెండో కారులో పరాస్కాతో పాటు చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు పూసే పవిత్ర తైలం సీసా పట్టుకుని ఫాదర్ ఇహోర్ ఉన్నాడు.

దారి తెరుచుకోగానే సోల్వేగ్ పరుగున వచ్చి బెల్టు విప్పింది. చూస్తుండగానే చెయ్యి ఎర్రబడింది.

"విషం ఉంది, కానీ కప్పలకూ వానపాములకూ సరిపోయేంతే. మనిషికి మహా అయితే కాస్త దురద, కాస్త వాపు. ఈ బెల్టు ఇంకాసేపు ఉంటే మాత్రం చెయ్యి పోయేది" అంది.

పరాస్కా మొహం తుడుచుకుంది. "కడుక్కోమని చెప్పానా లేదా?"

"అయితే నేను చావనా?" అన్నాడు నెస్టర్. అతని గొంతులో సంతోషం కంటే కంగారే ఎక్కువగా ఉంది. మెల్లగా హాల్డోర్ వైపు తిరిగాడు.

"తొమ్మిదేళ్లు" అన్నాడు హాల్డోర్. "నా చెయ్యే వణికిందనుకున్నాను. ముసలాణ్ణయిపోయాననుకుని ఆటే మానేశాను." చీపుర్లు ట్రక్కులో పడేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం హాలులో అందరూ నెస్టర్‌ను కౌగిలించుకున్నారు. పెరోగీల్లో దుంపలకు బదులు జున్ను పెట్టి వడ్డించారు. నెస్టర్‌కు మాత్రం ఒక్కటీ మింగుడు పడలేదు. అంతలో తలుపు తెరుచుకుంది. హాల్డోర్ లోపలికి వచ్చి, పళ్లెం తీసుకుని, అతని ఎదురుగా కూర్చున్నాడు.

"అక్టోబరులో ఆటకు మంచు వేస్తారు. జట్టులో ఇద్దరు తక్కువయ్యారట" అన్నాడు.

నెస్టర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను క్షమించావా?"

"లేదు. కానీ చస్తున్నాననుకున్నప్పుడు నాకే ఫోన్ చేశావు." హాల్డోర్ రెండు పెరోగీలు తిన్నాక మళ్లీ తలెత్తాడు. "ఈసారి రాయికి కాలు తగిలితే మాత్రం, చావు దాకా ఆగకుండా చెప్పు."