పెట్టెలో మొక్కిన మొక్కు

ఆ బుధవారం ధనంజయ చేయవలసిన పనులు ఇవి: తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించాలి. కంప్యూటరులోకి ఆటను ఎక్కించే క్యాసెట్టు ప్లేయరును దూదితో తుడవాలి. కంప్యూటరు గది తలుపు కిర్రుమనకుండా నూనె వేయాలి. అటెండరు చిన్నబ్బను టీకి పోనివ్వకుండా గది బయట కూర్చోబెట్టాలి. మిత్రుడు యతిరాజులును, అతని మేనత్త పెరుందేవమ్మను పదిన్నరకల్లా కాలేజీకి రప్పించాలి. పదకొండింటికి చిత్తూరు నుంచి వచ్చే జిల్లా కమిటీ ఆఫీసరు కృష్ణస్వామిగారి చేత ఆట ఆడించి, కంప్యూటరు తిరుపతిలోనే ఉండిపోయేటట్టు చేయాలి.

మొదటి నాలుగూ తొమ్మిదింటికే అయిపోయాయి. చివరిదాని కోసం మూడు నెలలుగా అతనికి తిండి మీద కూడా ధ్యాస లేదు.

సత్యవేడు దగ్గర వేరుశనగ పండించే ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు ధనంజయ. జిల్లా కమిటీ ఆ కాలేజీకి ఒకే ఒక కంప్యూటరు ఇచ్చి, దాన్ని చూసుకోవడానికి ఇతన్ని వేసింది. అది 1987. ఏడాది తిరగకముందే, దాన్ని ఎవరూ వాడడం లేదని తెలిసి, చిత్తూరుకు తరలించాలని అదే కమిటీ అనుకుంటోంది. కంప్యూటరు పోతే తన ఉద్యోగం ఏమవుతుందో ధనంజయకు తెలియదు. అంతకంటే పెద్ద సంగతి, అతనికి ఆ యంత్రమంటే ప్రాణం.

ఆట సంగతి చెప్పాలి. శ్రీహరికోటలో పనిచేసే యతిరాజులు బావ విదేశం నుంచి ఒక పుస్తకం, ఒక ఇరవై ముఖాల పాచిక తెచ్చి ఇచ్చాడు. ఆ ఆటకు గళ్లు లేవు, పావులు లేవు. ఒకరు కథ చెబుతారు; మిగిలినవాళ్లు ఆ కథలో వీరులై "నేను ఇట్లా చేస్తా" అంటారు. ఆ పని జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది. పుస్తకంలోని పరదేశపు కోటను ధనంజయ చంద్రగిరికి మార్చాడు, రాజమహలు కింద ఒక సొరంగం తవ్వించాడు, అందులో ఒక రాక్షసుణ్ణి పెట్టాడు. ఇక ప్రతి ఆదివారం యతిరాజులు ఇంటి తిన్నె మీద కేకలే.

పుస్తకంలో లేని నియమం ఒకటి వీళ్లు చేర్చుకున్నారు. ప్రాణం మీదికి వస్తే తలనీలాలు మొక్కుకోవచ్చు. అప్పుడు పాచిక ఇంకోసారి వేయనిస్తారు. అయితే ఆట ముగిసేలోగా ఆ కథలోనే కొండెక్కి మొక్కు తీర్చాలి. ఇది పెరుందేవమ్మ శాసనం. ఒకసారి చుట్టాలొచ్చారని యతిరాజులు మొక్కు తీర్చకుండా మధ్యలో లేచిపోతే, మర్నాడు ఆమె అతనికి నిజంగానే గుండు చేయించింది.

ఇదంతా ధనంజయ కంప్యూటరులోకి ఎక్కించాడు. పాచిక యంత్రమే వేసుకుంటుంది. కథ తెర మీద వస్తుంది. పెట్టెకు అర్థమయ్యేవి మాత్రం నాలుగే మాటలు: కొట్టు, పారిపో, వెతుకు, మొక్కు.

కృష్ణస్వామిగారు సరిగ్గా పదకొండింటికి జీపు దిగారు. యాభై దాటినా ఒక్క తెల్ల వెంట్రుక లేని ఉంగరాల జుట్టు. దాన్ని ఒకసారి దువ్వుకుని, ప్రిన్సిపాల్ పరంధామయ్యగారితో శనివారం ఉద్యోగుల నాటకంలో తనదే నాయక వేషమని చెప్పి, అప్పుడు గదిలోకి వచ్చారు.

"ఇది జీతాల బిల్లులు ఏస్తాదా అప్పా?"

"ఏస్తాది సార్. ముందు ఒక్క ఆట సూడండి."

"ఆటా?" అన్నారాయన, కుర్చీ అంచున కూర్చుని.

తెర మీద రాక్షసుడు ఎదురయ్యాడు. ఆయన 'కొట్టు' అని కొట్టారు. దెబ్బ తప్పింది. ప్రాణబలం మూడు నుంచి రెండుకు పడింది. కృష్ణస్వామిగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"పారిపోండి సార్!" అన్నారు పరంధామయ్యగారు.

"నేనా? ఇరవై ఏండ్లు సర్వీసు చేసినోణ్ణి, వీడికి భయపడతానా?" మళ్లీ కొట్టారు. ప్రాణబలం ఒకటి.

యతిరాజులు ఆగలేకపోయాడు. "మొక్కుకోండి స్వామీ! తలనీలాలు మొక్కితే పాచిక ఇంకోసారి పడతాది!"

ఆయన మొక్కారు. పాచిక మళ్లీ పడింది. రాక్షసుడు వెనక్కి తగ్గాడు. గదంతా చప్పట్లు. "నాది కూడా ఒకటి ఎయ్యి ధనంజయా, కాలేజీ కోసం!" అని పరంధామయ్యగారూ మొక్కారు.

కిటికీలోంచి చూస్తున్న చిన్నబ్బ ఒక్క పరుగున క్యాంటీను చేరాడు. "కంప్యూటరు మొక్కులు తీసుకుంటాండాదిరా! ఆఫీసరే మొక్కినాడు!"

పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి. లెక్కల్లో రెండుసార్లు తప్పినవాళ్లు ముందు వచ్చారు, తర్వాత మిగిలినవాళ్లు వచ్చారు. దూడ తప్పిపోయిన ఒకావిడ కూడా రోడ్డు మీద నుంచి లోపలికి వచ్చి నిలబడింది.

యతిరాజులు కొండ మీద క్యూలైన్ల దగ్గర పనిచేస్తాడు. ఆ రోజు సెలవు పెట్టాడు గానీ, గుంపు కనబడితే అతని చేతులు ఊరుకోవు. "వరస! వరస!" అంటూ బయటికి ఉరికి, బ్యాడ్మింటన్ వల తాడు తెచ్చి, ఒక కొస కిటికీ ఊచకు, రెండో కొస తలుపు పక్కన గోడకున్న ఇనుప పిడికి బిగించాడు. అది మెయిన్ స్విచ్చి పిడి అని తలెత్తి చూసుకోలేదు. లోపల తెర మీద వీరుడు మొక్కు తీర్చడానికి కొండెక్కుతుండగా, బయట జనం తాడు మీదికి ఒరిగారు. పిడి కిందికి దిగి, ఫట్టున విరిగి ఊడి వచ్చింది.

తెర మీద చిన్న చుక్క మిగిలి, అదీ పోయింది.

"యాడిదాకా వచ్చినాం?" అన్నారు కృష్ణస్వామిగారు నల్లబడిన తెర వంక చూస్తూ.

"కల్యాణకట్ట వాకిలి దాకా సార్."

"మొక్కు?"

"తీరలేదు సార్. కరెంటు మనిషి రేపటికి గానీ రాడు. వచ్చినా ఆ ఆట ఉండదు. పెట్టె మీ మొక్కు మర్చిపోయింది."

"పెట్టె మర్చిపోతే స్వామి మర్చిపోతాడా?" అంది పెరుందేవమ్మ మూలనుంచి.

"అమ్మా, మిగిలిన కథ నోటితో చెప్పించి తీర్చేస్తే?" అన్నారు కృష్ణస్వామిగారు.

"పెట్టెలో మొక్కి నోటితో తీరుస్తావా నాయనా? బాగుండాదే!"

"శనివారం నాటకముండాదమ్మా! నాయకుడి వేషం!"

"ముసలోడి వేషం ఏసుకో."

కృష్ణస్వామిగారికి కోపం వచ్చింది. వరండాలోకి వచ్చి ఫైలు తెరిచి, కంప్యూటరు చిత్తూరుకు తరలించవలెనని రాయడానికి పెన్ను తీశారు.

"రాయి నాయనా, రాయి," అంది పెరుందేవమ్మ. "మొక్కు బాకీ పెట్టుకున్న చేత్తో సంతకం చేస్తే ఏమైతాదో, నేనైతే చెప్పలేను."

పెన్ను మూత పడింది. జీపు కొండెక్కింది.

నాలుగింటికి రెండు గుండ్లు చందనంతో తిరిగి వచ్చాయి. పరంధామయ్యగారు సిగ్గుగా దిగారు. కృష్ణస్వామిగారు మాత్రం దూకారు. "నా జుట్టు తినినోడు యాడ? ఈ రోజు వాణ్ణి వదిలేదే లేదు!"

కరెంటు లేదు. పెరుందేవమ్మ బొడ్లోంచి పాచిక తీసింది. ధనంజయ వరండాలో చాప పరిచి, ఆదివారం చెప్పినట్టే నోటితో కథ ఎత్తుకున్నాడు. ఇక్కడ నాలుగు మాటల కట్టడి లేదని కృష్ణస్వామిగారికి తెలియడానికి రెండు నిమిషాలు పట్టింది. కొట్టడం మానేసి, రాక్షసుణ్ణి విచారించడం మొదలుపెట్టారు.

"ఎన్నేండ్లయింది నువ్వు ఈ సొరంగంలో చేరి?"

"నాలుగొందల ఏండ్లు సార్," అన్నాడు ధనంజయ రాక్షసుడి గొంతుతో.

"ఒకే సీట్లోనా? ట్రాన్స్‌ఫర్ అడగలేదా?"

"అడిగినా ఎవురూ వినలే సార్."

కృష్ణస్వామిగారి కళ్లు చెమర్చాయి. "నేను ఇంటాను. నిన్ను మదనపల్లెకు వేస్తాండా. చల్లంగా ఉంటాది, ఫో!" అని పాచిక విసిరారు. పంతొమ్మిది! రాక్షసుడు దారి వదిలాడు. వరస కట్టిన జనమంతా ఈలలు వేశారు. దూడ పోయిన ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది.

ఆ ఊపులోనే ఆయన ఫైలు తెరిచి రాశారు: "కంప్యూటరు తిరుపతిలోనే ఉండవలెను." ధనంజయ ఆనందంతో యతిరాజులును పైకెత్తేశాడు. కృష్ణస్వామిగారు పేజీ తిప్పి, పెన్ను విదిలించి, ఇంకో ఉత్తర్వు కూడా రాశారు. "మనిషే ఇట్లా చెప్పగలిగినప్పుడు పెట్టెతో పనేముండాది? ధనంజయను చిత్తూరు ఆఫీసుకు బదిలీ చేస్తాండా. ఆ పాచిక కూడా తెచ్చుకో అప్పా. ఆదివారం కూడా డ్యూటీనే!"

మీరెప్పుడైనా ఆ కాలేజీకి పోయి, గుడ్డ కప్పిన ఆ కంప్యూటరును చూస్తే, దానికి నాలుగు మాటలు నేర్పిన ధనంజయను ఒక్కసారి తలచుకోండి. ఐదోది నేర్పడానికి అతనికి ఇంతవరకు సెలవు దొరకలేదు.