కడపటి నలభై పుటల సంగ్రామం

సరస్సులన్నీ శిలలై, కార్లన్నీ మొరాయించి, మీసమున్న ప్రతి మగవాని మీసమునకును మంచుపూసలు వ్రేలాడు ఫిబ్రవరి మాసమున, అమెరికాదేశపు మినసోటా మండలాంతర్గతమైన ఎల్క్ స్లూ అను పురవరమున, ఒకానొక శనివారము మధ్యాహ్నము ఒంటిగంట దాటి ఐదు నిమిషములగు వేళ, రెండవ వీధి కొసనున్న పచ్చరంగు చెక్క ఇంటిలో చెలరేగిన ఘోరసంగ్రామమును వినిపించెదను. ఏ దేవతను తలచవలెనో తెలియక, ఆ ఇంటి నేలమాళిగలో బుసలు కొట్టుచు ఇంటిల్లిపాదిని బ్రతికించుచున్న వేడిగాలి యంత్రమునకే మ్రొక్కి మొదలిడుచున్నాను.

ఈ ధోరణిలోనే చివరిదాకా సాగితే నాకు ఊపిరాడదు, మీకు ఓపిక చాలదు. కనుక యుద్ధం ముదిరినచోట గొంతు పెంచుతాను, మిగతాచోట కాస్త దించుతాను.

ఆ ఇంటి ఇల్లాలు ఆర్డిస్ హాల్వర్సన్. ఇరవై ఆరేళ్లుగా హిమపాత ఝంఝామారుతాలను తృణీకరించి పసుపుపచ్చని బడిబస్సును నడిపిన మహాసారథి. వెనక యాభైమంది పిల్లలు ఒకేసారి అరిచినా రెప్ప వేయని ధీరచిత్త. ఎదురుగా మంచు తవ్వే లారీ వచ్చినా దారి ఇవ్వని మేరునగసమాన. అంతటి మనిషికీ పక్కింటి లవోన్ స్క్రామ్‌స్టాడ్ ఎదురుపడితే మాత్రం నోరు పెగలదు.

లవోన్ ఆమె ప్రాణస్నేహితురాలు. ఆ స్నేహం గురించి ఎలా చెప్పను. ఆర్డిస్ జుట్టు కురచగా కత్తిరించుకుంటే మూడోనాటికి లవోన్ నెత్తిన అదే కత్తిరింపు వెలిసేది. ఆర్డిస్ వంటింటికి వెన్నరంగు వేయిస్తే వారం తిరిగేసరికి పక్కింటి నుంచి అదే రంగు వాసన వచ్చేది. ఆర్డిస్ మోకాలికి ఆపరేషన్ జరిగితే లవోన్ కూడా కుంటడం మొదలుపెట్టింది, ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా. ఇవన్నీ ఆర్డిస్ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే ఉంది, అదే ఈ యుద్ధానికి కారణం.

వీళ్లిద్దరూ ఊరి గ్రంథాలయంలో మంగళవారం జరిగే పాఠకగోష్ఠిలో సభ్యులు. పదకొండేళ్లుగా ఆ గోష్ఠి ఒకే జాతి నవలలు చదువుతోంది. ఒకామె తన స్నేహితురాలి చెవిపోగులు కాజేస్తుంది, తర్వాత ఉద్యోగం, తర్వాత మొగుణ్ణి, ఆఖరికి ప్రాణం. వెన్నులో చలి పుట్టించి, పక్కనున్న మనిషిని ఓరకంట చూసేలా చేసే పుస్తకాలవి. పదకొండేళ్లుగా ఆ పుస్తకాల ముగింపులన్నీ లవోన్ ముందే చెప్పేసింది. కిరాణా కొట్లో కోడిగుడ్ల అర దగ్గర చెప్పింది. ఆర్డిస్ పెద్దత్త అంత్యక్రియల్లో, ప్రార్థన మధ్యలో, చెవిలో చెప్పింది. ఆర్డిస్ పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు, కాదనడానికి వీల్లేని స్థితిలో, తీరుబాటుగా చెప్పింది. హంతకులెవరో తనంతట తాను కనిపెట్టి, "అమ్మ దొంగా" అని ఒక్కసారి కుర్చీలోంచి లేవాలని ఆర్డిస్ కోరిక. నవ్వేవాళ్లు నవ్వండి. అరవై ఏళ్లు దగ్గరపడుతున్న మనిషికి ఇంకేం కోరికలుంటాయి?

ఈసారి నవలలో మాడ్లిన్, టెస్ అని ఇద్దరు స్నేహితురాళ్లు. సరస్సు ఒడ్డున కుటీరం. మాడ్లిన్ పలుచని మంచు మీదికి ఎలా వెళ్లింది, ఎవరు పంపారు అన్నది ప్రశ్న. ఆర్డిస్‌కు ఇంకా నలభై పేజీలున్నాయి. భర్త మైలో గడ్డకట్టిన సరస్సు మీద గుడిసెలో చేపలకు గాలం వేసుకుని కూర్చున్నాడు. ఇల్లు నిశ్శబ్దం. అప్పుడు మోగింది ఫోను.

"ఏవే ఆర్డీ, ఎంతవరకొచ్చావ్?"

"ఇంకా నలభై పేజీలున్నాయే."

"ఇంకా నలభయ్యా. పాపం. అయితే ఆ టెస్ ఉంది చూడు—"

ఆర్డిస్ ఫోను పెట్టేసింది. మా ప్రాంతంలో ఫోను పెట్టాలంటే ముందు వాతావరణం, తర్వాత రోడ్ల పరిస్థితి, తర్వాత నాలుగుసార్లు సెలవు, ఇంత తతంగముంది. అదేదీ లేకుండా పెట్టేసిన చేతిని ఆమె ఇంకెవరిదో అన్నట్టు చూసుకుంది. అంతలోనే ఆ వీరనారి హృదయగహ్వరంలో ఒక మహాప్రతిజ్ఞ ఉరిమింది: "ఓసి కపటమైత్రీధురంధరా, అంతిమపుటాపహారిణీ, పదునొకండు వత్సరములుగా నా కుతూహలాంకురమును మొదలంట త్రుంచుచున్నదానా, నేడు ఈ నలువది పుటలును నా కన్నులతో నేనే చదివెదను, చదువజాలనేని ఈ హస్తముతో మరల బస్సు స్టీరింగు పట్టను."

నోటితో మాత్రం, "ఇవాళ కుదరదు లవోన్," అంది, అదీ పెట్టేసిన ఫోనుతో, మెల్లగా.

పదిహేను నిమిషాలు గడిచాయి. పదకొండు పేజీలు తిరిగాయి. వాకిట గంట మోగింది. ఆర్డిస్ కోటులాంటి కోటు, ఆర్డిస్ టోపీలాంటి టోపీ ధరించి, రెండు చేతులా హాట్‌డిష్ అనే మాంసపు వంటకం పొగలు కక్కే పళ్లెం పట్టుకుని, పైన బంగాళదుంప ఉండలు బారులు తీరి సైన్యంలా నిలబడగా, లవోన్ గడప ముందు ప్రత్యక్షమైంది.

"ఫోను కట్టయిపోయిందే. చలికి వైర్లు బిగుసుకుపోయినట్టున్నాయ్. నువ్వు తిన్నావో లేదోనని తెచ్చా."

"ఎందుకే అంత శ్రమ."

"శ్రమేముంది. మైలో లేడా?"

"చేపలకెళ్లాడు."

"మంచిదే. మనిద్దరమే అయితే."

ఇక్కడ ఒక శాస్త్రం చెప్పాలి. వచ్చినవాళ్లను కాఫీ తాగుతావా అని మూడుసార్లు అడగాలి. వాళ్లు రెండుసార్లు వద్దనాలి. మూడోసారి "సరే, నీ కోసం ఒక్క గుక్క" అని లోపలికొచ్చి రెండున్నర గంటలు కూర్చోవాలి. తాతల నాటి నుంచి ఎల్క్ స్లూలో ఈ ధర్మానికి భంగం రాలేదు. బ్యాంకుకు వచ్చిన దొంగ కూడా రెండుసార్లు వద్దన్నాడని చెప్పుకుంటారు.

"కాఫీ తాగుతావా?" అంది ఆర్డిస్.

"అబ్బే, వద్దులేవే. ఇదిచ్చేసి పోదామనే వచ్చా," అంటూ లవోన్ అప్పుడే ఒక బూటు విప్పుతోంది.

అంతట, సప్తసముద్రములు స్తంభించెనో యన, ఊరి ఏకైక ట్రాఫిక్ దీపము ఎర్రనై నిలిచెనో యన, పూర్వికుల పటములు గోడలపై పక్కకు ఒరిగెనో యన, శతాబ్దాల మొహమాటశృంఖలాలను ఛేదించుకుని, ఎడమచేత నవలను వెనక దాచి, కుడిచేత హాట్‌డిష్ అందుకుని, మర్యాదాలంఘన మహాసాహసి ఆర్డిస్ హాల్వర్సన్ ఇట్లనెను:

"సరేలే అయితే."

తలుపు వేసింది.

బయట ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో లవోన్ చాలాసేపు నిలబడింది. ఆమెకు కోపం రాలేదు. అసలేం జరిగిందో అర్థం కాలేదు. వద్దంటే వద్దనే అనుకునే మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు.

కానీ లవోన్ ఓటమినెరుగని యోధురాలు. ఆర్డిస్ ఇంకో తొమ్మిది పేజీలు చదివి తలెత్తేసరికి, కిటికీ బయట, ముంగిట్లోని తొడలోతు మంచులో ఏదో కదులుతోంది. లవోన్ అక్షరాలు తొక్కుతోంది. ఒక్కో అక్షరం కారు పొడుగు. చేతులు బార్లా చాపి, ఒగరుస్తూ, పడుతూ, లేస్తూ, దోషి నామధేయాన్ని భూమండలం మీద లిఖిస్తోంది. మొదటి గీత పూర్తయింది. అడ్డగీతకు మళ్లింది.

ఆర్డిస్ కళ్లు గట్టిగా మూసుకుంది. గుడ్డిగా చేతులు చాచి, కుర్చీకి తగిలి, జెరేనియం పూలకుండీని నేలకూల్చి, తెరను చేజిక్కించుకుని సర్రున లాగింది. ఆ చీకటి గుహలో, దీపం కింద, మట్టిలో పాదాలు పెట్టుకుని చివరి ఇరవై పేజీలు చదివింది. వాటిలో పద్దెనిమిదో పేజీ దగ్గర ఆగింది. వెనక్కి తిప్పి ఒక వాక్యం మళ్లీ చూసింది.

"అమ్మ దొంగా," అని కుర్చీలోంచి లేచింది.

ఎవరో నేను చెప్పను.

ఆ ఆనందం ఇంతా అంతా కాదు. గది చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఆపరేషన్ మోకాలు ఆమెకు గుర్తే రాలేదు. అప్పుడు తెర తీసి చూస్తే, రెండో అక్షరం మొదట్లోనే లవోన్ నడుం దాకా కూరుకుపోయి ఉంది. సాయం కోసం అరవడం లేదు. అరిస్తే ఇబ్బంది పెట్టినట్టవుతుందని కాబోలు, కిటికీ వైపు చూసి చిన్నగా చెయ్యి ఊపింది.

పార తీసుకుని పరుగెత్తింది ఆర్డిస్. ఒక బూటు మంచుకే వదిలేసి మనిషిని లాక్కొచ్చింది, పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది, ఈసారి అడగకుండానే కాఫీ పోసింది.

"ఎందుకే ప్రతిసారీ చెప్పేస్తావ్?" అని అడిగింది. పదకొండేళ్లలో అడగడం ఇదే మొదలు.

లవోన్ కాఫీలో మూడో చెంచా చక్కెర కలిపింది. "నాకు భయమే ఆర్డీ. ఎవరు ఎవర్ని చంపుతారో ముందే తెలీకపోతే నేను చదవలేను. అందుకని ముందు చివరి పేజీ చూసేస్తా. చూశాక ఇంక మొదట్నుంచి ఏం చదువుతాం? నాకొక్కదానికే తెలిసి ఆ ఒంటరి ఇంట్లో కూర్చుంటే ఊపిరాడదు. నీకు చెప్పేస్తే తేలికవుతుంది."

"అంటే ఇన్నేళ్లలో నువ్వు..."

"ఒక్కటీ చదవలేదే. చివరి పేజీలైతే అన్నీ చదివా."

ఆర్డిస్‌కు ఒళ్లు మండింది. జాలీ వేసింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి ఏం చేయాలో తెలియక ఇంకో బిస్కెట్టు పెట్టింది.

"అయినా ఇందులో టెస్సే కదా," అంది లవోన్, కాస్త తేరుకుని. "చివరి పేజీలో ఉత్తరం కింద సంతకం ఉందిగా."

ఆ ఉత్తరం ఎవరు రాశారో, ఆ సంతకం ఎవరి చేత ఎందుకు పెట్టించారో దాని ముందరి ముప్పై తొమ్మిది పేజీలు చదివినవాళ్లకే తెలుసు. ఆ వంటింట్లో అది ఒక్కరికే తెలుసు.

"ఊఁ," అంది ఆర్డిస్.

"ఊఁ ఏంటే? కాదా?"

"కాఫీ చల్లారిపోతోంది."

"ఆర్డీ, కాదా? మరెవరే? చెప్పవే, నీకు పుణ్యముంటుంది. నాకు రాత్రికి నిద్ర పట్టదే."

ఎదురుగా శత్రువు నిరాయుధయై, ఒంటిబూటుదై, కళ్లనీళ్ల పర్యంతమై ఉంది. పదకొండేళ్ల పగ నాలుక చివర నిలబడి ఉంది. ఒక్క పేరు చాలు. ఆ మహానుభావురాలు ఊపిరి పీల్చి, తన జీవితంలో ఇంతవరకు ఎవరితోనూ అనని మాట ఒకటి అంది.

"చెప్పను."

లవోన్ మైలో బూటు ఒకటి తొడుక్కుని ఇంటికి పోయింది. ఆ సాయంత్రం ఫోను మోగలేదు. ఆదివారం చర్చిలో లవోన్ కనబడలేదు. ఆర్డిస్ రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని పెట్టేసింది. పుస్తకం కోసం స్నేహాన్ని పోగొట్టుకున్నానా అని ఆమెకు దిగులు పట్టుకుంది. ఎంత పీడించినా, పక్కనున్నది ఆ ఒక్కతే కదా.

సోమవారం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఫోను మోగుతోంది.

"నూట పదహారో పేజీలో ఉన్నానే," అంది లవోన్, ఇంట్లో ఎవరో పొంచి ఉన్నట్టు గొంతు తగ్గించి. "ఆ మాడ్లిన్ పిచ్చిమొహంది, ఇంటి తాళాలన్నీ టెస్ చేతికిచ్చేసిందే."

"ఊఁ."

"ఒక్కదాన్నే ఉన్నా. దీపాలన్నీ వేసుకుని కూర్చున్నానే."

"నన్ను రమ్మంటావా?"

"రా. వచ్చి పక్కన కూర్చో చాలు." పేజీ తిప్పిన చప్పుడైంది. "నాకేం చెప్పకు."

ఇట్లు, పదునొకండు వత్సరముల మహాసమరానంతరము, హిమాచ్ఛాదిత ఎల్క్ స్లూ పురమున, హాట్‌డిష్ సైన్యములను నిలువరించి, తొడలోతు లిపిని తిరస్కరించి, మర్యాదాశాస్త్రమును ఒకే ఒక్కమారు ఉల్లంఘించి, బడిబస్సు సారథి ఆర్డిస్ హాల్వర్సన్ సాధించిన దిగ్విజయమెట్టిదనగా, లవోన్ స్క్రామ్‌స్టాడ్ అను నామె ఒక పుస్తకమును మొదటి పుట నుండి నూటపదహారవ పుట వరకు వరుసగా చదివెను.