సగం కొమ్ము అంబులపొది

గురువారం పొద్దున టీ తాగుతూ ఎసెన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బడికి సెలవు. మధ్యాహ్నానికల్లా తోలుతో అంబులపొది ఒకటి కుట్టెయ్యాలి, సాయంత్రం దానికి కొవ్వు పట్టించాలి, శనివారం మామగారి వెంట బాణాల వేటకు వెళ్లాలి. పెళ్లయిన పన్నెండేళ్లకు సాగిన్‌బాయ్ మామ మొదటిసారి రమ్మన్నాడు. అదీ ఒక షరతు మీద: ఎవడి సరంజామా వాడే కుట్టుకోవాలి. లెక్కల మాస్టారు అల్లుడంటే ఆయనకు మొదటినుంచీ చులకన. ఈసారి తప్పితే ఇక జన్మలో పిలవడు.

"తోలేదీ?" అని భార్యను అడిగాడు.

"కొట్లో పాతది ఉంది, తీసుకో" అంది కెరెజ్, పిండి పిసుకుతూ.

కొట్లో పాతవి రెండున్నాయి. ఒకటి చిమ్మటలు తిన్న గొర్రెతోలు. రెండోది దూలానికి వేలాడుతున్న గుర్రపుతోలు, దళసరిగా, నల్లగా, కమ్మటి పొగ వాసనతో. ఓ మూల పొట్టేలు కొమ్ము ముద్ర కూడా ఉంది, సగమే. మిగతా సగం ఉండాల్సిన చోట ఎవరో అతుకు వేశారు. బుర్రున్నవాడెవడైనా ఏది తీసుకుంటాడు? ఎసెన్ కొలిచాడు, గీశాడు, కోశాడు. తోలుకు కన్నాలు పొడిచే ఆరెతో మూడుసార్లు వేలు పొడుచుకున్నాడు. ఆ సగం కొమ్ము సరిగ్గా పొది మూతి దగ్గరకు వచ్చేలా కుట్టి తెగ మురిసిపోయాడు.

కెరెజ్ వచ్చి చూసి, పిండి చేత్తోనే నోరు నొక్కుకుంది.

"నీ కొంప మునిగిందయ్యా! అది అమ్మ సబా!"

సబా అంటే గుర్రప్పాలు పోసి కుమిస్ పులియబెట్టే తోలుసంచి. అత్తగారు తుర్దుకాన్‌కు ముత్తవ్వ నుంచి వచ్చింది. పొగ పట్టించి మళ్లీ కుట్టుకోవచ్చని, కుట్లు విప్పి కూతురింట్లో వేలాడదీసింది.

"కుట్లే లేని సంచిని సంచని ఎవడనుకుంటాడే? పాతదన్నావు, తీసుకున్నాను!"

"గొర్రెది అనుకోవద్దూ! ఆ అతుకు చూడలేదా? నలభై ఏళ్ల కిందట కుక్క కొరికేసిందని, అమ్మ ఇప్పటికీ ఆ కుక్క సంతతికి ఎముకముక్క విసరదు. కుక్కకే అంత శిక్షయితే, నీ గతేమిటో ఆలోచించుకో!"

ఆలోచించుకునే వ్యవధి లేకపోయింది. వాకిట్లో గుర్రాలు సకిలించాయి. దారిపొడుగునా గురి చూసుకుంటూ వచ్చిన మామగారు, వింటినారి తగలకుండా కట్టుకునే ముంజేతి తోలుపట్టీ కూడా విప్పకుండానే లోపలికొచ్చాడు. వెనకే అత్తగారు, ఆ వెనక ఆ సంతతిదే వాళ్ల వేటకుక్క.

దూరపు చూపే తప్ప దగ్గరిచూపు ఆనని తుర్దుకాన్ పొదిని చేతిలోకి తీసుకుంది. "భలే ఉందే! ఎక్కడిది నాయనా తోలు?"

"నరీన్ బజార్లో... ఒక ముసలాయన దగ్గర" అన్నాడు ఎసెన్.

"పేరు?"

"తెలీదత్తయ్యా. ఆయనకు చెవుడు."

"చెవుడుంటే పేరుండదా?"

"అంటే... కాలు కూడా లేదు."

తుర్దుకాన్ గుండె కరిగిపోయింది. "అయ్యో పాపం! చెవుడట, కాలూ లేదట! రేపే వెళ్దాం. నా సబా ఆయన చేతే కుట్టిద్దాం, నాలుగు డబ్బులు కళ్లజూస్తాడు. అమ్మా కెరెజ్, సబా పట్రా!"

కెరెజ్ మొగుణ్ని కొరకొరా చూసి కొట్టువైపు నత్తనడక నడిచింది. ఎసెన్ బుద్ధిగా చెంబు తెచ్చి, భోజనానికి ముందు మామగారి చేతుల మీద నీళ్లు పొయ్యబోయాడు. చిత్రంగా, ఆయన పొదిని చూసిన దగ్గర్నుంచి ఎడమ చెయ్యి వీపు వెనకే దాచుకున్నాడు.

"నాకొద్దు. శుభ్రంగానే ఉన్నాయి."

"గుర్రం పగ్గాలు పట్టిన చేతులతో మాంసం ముడతావా? సిగ్గు లేదూ!" అంటూ తుర్దుకాన్ పొదిని కింద పెట్టి, ఆయన చెయ్యి లాగి పట్టీ ఊడదీసింది. అది జారి పొది పక్కన వెల్లకిలా పడింది. నలభై ఏళ్లుగా ఆయన లోపలికి తిప్పి కట్టుకుంటున్న వైపు పైకొచ్చింది. అక్కడ సగం కొమ్ము ఉంది. పొది మీది సగానికి అది వెంట్రుకవాసి తేడా లేకుండా అతికింది.

తుర్దుకాన్ కింద పడున్న రెండు సగాల్నీ చూసి, మొగుడి వైపు తిరిగింది.

"కుక్కన్నావు" అంది మెల్లగా.

"కుక్క కూడా... అక్కడే ఉందిగా" అని గొణిగాడు సాగిన్‌బాయ్.

"పాపం కుక్కల్ని, తల్లీకూతుళ్లని, ఎన్ని తరాలు పస్తులుంచానురా, ముసలి పాపిష్టోడా! నువ్వూ నాయనా! చెవిటాయనట, కుంటాయనట! మామకు తగ్గ అల్లుడివి!" ఆవిడ విసవిసా వెళ్లి, పళ్లెంలోని పెద్ద తొడముక్క తీసి కుక్క ముందు పెట్టింది. తర్వాత పొదినీ పట్టీనీ చంకన పెట్టుకుంది. "తోలు నాది. పెళ్లికి ముందు ఈ లోయలో నా బాణమే గురి తప్పనిది, మరిచిపోయావేమో. వేటకు నేనెళ్తాను."

"అదికాదే, ఎవరి సరంజామా వాళ్లే కుట్టుకోవాలని..."

"కుట్టండి మరి! ఇద్దరూ కూర్చుని కొత్త సబా కుట్టండి!"

శనివారమంతా మామా అల్లుళ్లు కొత్త గుర్రపుతోలుకు చెరోవైపు కూలబడ్డారు. ఎసెన్‌కు ఏడుపొక్కటే తక్కువ. పన్నెండేళ్లు ఎదురుచూసిన వేట ఇదీ.

"మాస్టారూ, లెక్కలవాడివి కదా. ఇంకా ఎన్ని కుట్లుంటాయంటావు?" అన్నాడు సాగిన్‌బాయ్ వేలు చప్పరిస్తూ.

"పద్నాలుగు వందలు, మామయ్యా."

ఆయన తన పాత ఆరెను అల్లుడి వైపు జరిపాడు. "ఇది పట్టుకో. వేలికి దిగదు. వచ్చే ఏడాది ఇద్దరం కలిసే వెళ్దాంలే... ఆవిడ ఒప్పుకుంటే."

సాయంత్రానికి తుర్దుకాన్ మూడు కుందేళ్లతో తిరిగొచ్చింది. రెండు కుక్కకే వేసింది.