శాంపిల్ చూడందే సరుకు దించం

బజారులో ప్రపంచస్థాయి మరుగుదొడ్డి కట్టి తీరాలని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కట్టే ముందు ప్రపంచం ఏ స్థాయిలో ఉందో చూసి రావాలని కూడా అంతే ఏకగ్రీవంగా తీర్మానించింది. మొదటి తీర్మానానికి సభ్యులు కూర్చుని బల్లలు చరిచారు. రెండో దానికి లేచి నిలబడి చరిచారు.

ఈ ఘనకార్యానికి మూలపురుషుడు బకెట్ల కౌన్సిలరు. బజారు మధ్యలో ఆయనకు ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు, టబ్బులు అమ్మే కొట్టుంది. ఆయన తనను మహానుభావుడని ఎన్నడూ అనుకోలేదు. లెక్క తెలిసిన మనిషిననుకున్నాడు. ప్రజాసేవలోకి కూడా లెక్క చూసుకునే దిగాడు. బజారుకు మరుగుదొడ్డి వస్తే జనానికి సుఖం, తనకు ఓట్లు. పైగా మరుగుదొడ్డి అన్నాక లోపల బకెట్టూ మగ్గూ లేకుండా జరగదు. ఇన్ని వైపుల నుంచి లాభం కురిసే సరుకు ఆయన జన్మలో అదొక్కటే తగిలింది.

ఇంట్లో లెక్క వేరే ఉంది. కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆయన భార్య. పొద్దున ఇంటి దగ్గర గ్లాసెడు నీళ్ళు తాగి బయల్దేరితే మళ్ళీ షట్టరు దించి ఇల్లు చేరేదాకా గుక్కెడు ముట్టదు. ఆవిడే కాదు, బజారులో కొట్లు నడిపే ఆడవాళ్ళందరిదీ అదే పద్ధతి. మగవాళ్ళకు గోదాముల వెనక గోడ ఉంది. ఆడవాళ్ళకు ఓర్పు ఉంది. ఆ ఓర్పు కాస్తా ఆవిడ కిడ్నీలో రాయై కూర్చుంది.

డాక్టరు స్కానింగు ఫిలిమును వెలుతురుకు పెట్టి చూసి, "నీళ్ళు బాగా తాగాలమ్మా. ఇలాగే మానేస్తే ఆపరేషను దాకా పోతుంది" అన్నాడు.

"తాగుతా డాక్టరుగారూ. మా ఆయన కౌన్సిలరయ్యారుగా. ఎప్పట్నుంచి తాగాలో ఆయనే చెప్తారు" అందావిడ.

కౌన్సిలరు సీలింగు ఫ్యాను వంక చూశాడు.

ఏ దేశం వెళ్ళాలన్న దగ్గర సంఘం వేసిన కమిటీ రెండుగా చీలింది. చైర్మన్ మంచుదేశం అన్నాడు. ఇంజనీరు దీవుల దేశం అన్నాడు.

"మంచుదేశంలో సీటు దానంతటదే వేడెక్కుతుందట. ఇంటికొచ్చిన అల్లుణ్ణి కూర్చోబెట్టినట్టు కూర్చోబెడుతుందట" అన్నాడు చైర్మన్.

"మన ఎండలకి ఏ సీటైనా వేడెక్కుద్దండీ. దీవుల దేశంలో సముద్రం ఒడ్డునే కడతారు. ఆ గాలీ వెలుతురూ దగ్గర్నుంచి స్టడీ చెయ్యాలి."

"మనకి సముద్రం ఎక్కడుందయ్యా?"

"లేదు కాబట్టే వెళ్ళాలంటున్నానండీ. ఉంటే ఇక్కడే చూసేవాళ్ళంగా."

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. సభ్యుల్లో సగంమంది స్వెట్టర్లు కొనేశారు, మిగతా సగం పూల చొక్కాలు. కొన్న సరుకు ఎవరు వాపసు ఇస్తారు? సమావేశం మీద సమావేశం జరిగింది. బజారు చివర శంకుస్థాపన రాయి పక్కన పోసిన ఇసుక కుప్ప పిల్లుల పాలైంది. ఊళ్ళో ఆ సౌకర్యం మొదట అందింది వాటికే.

కౌన్సిలరుకు ఓపిక చచ్చింది. ఒకరోజు లేచి, తనకు తెలిసిన ఒకే ఒక్క విద్యను సభ ముందు పెట్టాడు.

"అయ్యా, మా వ్యాపారంలో ఓ పద్ధతుంది. శాంపిల్ చూడందే సరుకు దించం. రెండు చోట్ల నుంచీ ఓ కేటలాగు..."

"శాంపిల్" అన్నాడు చైర్మన్, కళ్ళు మూసుకుని. "ఇంత చక్కటి మాట ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ? రెండు దేశాలకీ ముందు చిన్న శాంపిల్ యాత్ర. ఏది నచ్చితే దానికి అసలు యాత్ర. రాసుకోండి."

"నేనంది కేటలాగు తెప్పిద్దామనండీ."

"కేటలాగులో వేడి తెలుస్తుందా?"

నిజం చెప్పాలంటే, కౌన్సిలరు జవాబు కోసం అంతగా వెతకలేదు. ఆ సాయంత్రం ఫొటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోకు తల దువ్వుకుంటూ, మాట తనదైనప్పుడు తాను వెళ్ళకపోతే మర్యాదగా ఉండదని అద్దానికి నచ్చజెప్పాడు. అద్దం వెంటనే ఒప్పుకుంది.

కొట్లో ఆయన భార్య మగ్గుల మీద దుమ్ము తుడుస్తూ విషయం విన్నది.

"స్వెట్టరా, పూల చొక్కానా?" అని మాత్రం అడిగింది.

"రెండూ" అన్నాడాయన, నేల చూస్తూ.

పక్క కొట్లో బట్టలు కుట్టే ఆవిడ మిషను ఆపి తొంగిచూసింది. "అన్నయ్యగారూ, వస్తూ వస్తూ ఒకటి పట్టుకొచ్చెయ్యండి. విమానంలో పెట్టనివ్వరా?"

"ఊరుకో వదినా, ఆయన నిజంగానే తెస్తారు" అంది భార్య.

మంచుదేశంలో సీటు నిజంగానే వెచ్చగా ఉంది. లోపలికెళ్ళిన చైర్మన్ ఎంతకీ బయటికి రాకపోతే, లోతైన అధ్యయనంలో ఉన్నారని తలుపు బయట మంచులో నిలబడ్డ సభ్యులు ఒకరికొకరు చెప్పుకున్నారు. కౌన్సిలరు మూలమూలలా వెతికాడు. ఎక్కడా బకెట్టు లేదు, మగ్గు లేదు. తన లాభాల్లో ఒకటి కళ్ళముందే బటన్ల పాలవడం చూసి గుండె బరువెక్కింది. దీవుల దేశంలో మరుగుదొడ్డి చూసే తీరిక ఎవరికీ చిక్కలేదు. సముద్రం ఉందని మాత్రం ఏకగ్రీవంగా ధ్రువీకరించారు. ఆ ధ్రువీకరణలో మోకాలిలోతు నీళ్ళలో పూల చొక్కాతో కౌన్సిలరు కూడా ఉన్నాడు. పేపర్లో ఆ ఫొటోనే పడింది.

అక్కణ్ణుంచే భార్యకు ఫోను చేశాడు.

"ఇక్కడ అడుగడుక్కీ ఉన్నాయే."

"ఏమున్నాయి?"

"అవే."

"ఆడవాళ్ళకి కూడానా?"

"కూడానే. రోజంతా ఎన్ని నీళ్ళయినా తాగొచ్చు."



"అయితే నా వంతు కూడా తాగి రండి" అందావిడ.

తిరిగొచ్చాక కమిటీ చాలా శ్రమపడి మంచుదేశాన్ని ఎంపిక చేసింది. అసలు యాత్రకు తేదీ పెట్టబోతుంటే ఇంజనీరు చిన్న గొంతుతో, మరుగుదొడ్డి పద్దులో ఇక ఏమీ మిగల్లేదన్నాడు. శాంపిల్ ముక్కకే గుడ్డ తాను మొత్తం కోసేశారన్నమాట. బట్టల కొట్లో అయితే ఈ పని చేసినవాణ్ణి కొట్టి పంపేవారు. ఇక్కడ శాలువాలు కప్పారు.

"దిగులెందుకు? అక్కడివాళ్ళు కానుకగా ఇచ్చిన సీటుందిగా. దాన్నే బజారులో పెడదాం. శాంపిలే అసలనుకుందాం" అన్నాడు చైర్మన్.

మరుగుదొడ్డి కట్టాల్సిన చోట గాజు గది లేచింది. దానికి పైపు లేదు, నీళ్ళు లేవు, తలుపుకు తాళం ఉంది. మధ్యలో తెల్లటి సీటు. గాజుకు ఓ గుండ్రటి కంత పెట్టారు. అందులోంచి ప్రజలు వరసగా చెయ్యి పెట్టి ప్రపంచస్థాయి వెచ్చదనాన్ని తెలుసుకోవచ్చు.

"గోదాముల వెనక గోడ అడ్డంగా ఉందండీ. మెయిన్ రోడ్డు మీంచి చూస్తే సీటు కనబడ్డం లేదు" అన్నాడు ఇంజనీరు.

"అభివృద్ధికి గోడలు అడ్డం రాకూడదు" అన్నాడు కౌన్సిలరు. ఆ మాట ఆయనకే బాగా నచ్చింది. ఉపన్యాసంలో వాడుకుందామని దాచుకున్నాడు.

ప్రారంభోత్సవం నాడు ఎండ మండిపోతోంది. వచ్చినవాళ్ళందరికీ సంఘం తరఫున నీళ్ళ బాటిళ్ళు పంచారు. చైర్మన్ రిబ్బను కత్తిరించి, కంతలో చెయ్యి పెట్టి, కళ్ళు చెమర్చగా "వెచ్చగా ఉంది" అని ప్రకటించాడు. తర్వాత కౌన్సిలరు మాట్లాడాడు. గోడల మాట చెప్పాడు, చప్పట్లు పడ్డాయి. బజారులోని ఆడపడుచుల కష్టం గురించి చెబుతుండగా గొంతు ఎండిపోయింది. మంచినీళ్ళ కోసం వెతుకుతూ కిందికి చూశాడు.

ముందు వరసలో బజారు ఆడవాళ్ళు కూర్చున్నారు. అందరి ఒళ్ళోనూ బాటిళ్ళున్నాయి. ఒక్కదాని సీలూ తియ్యలేదు.

ఉపన్యాసం అక్కడే ముగించి దిగొచ్చి భార్య పక్కన కూలబడ్డాడు. ఆవిడ ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని, రెండో చేత్తో తన బాటిల్ ఇచ్చింది.

"తాగండి. అలసిపోయారు."

"మరి నువ్వో?"

"మీటింగు ఎంతసేపుంటుందో ఏమో."

ఆయన తాగాడు. దాహం తీరక కుట్టుమిషను ఆవిడ బాటిల్ కూడా తాగాడు. వేదిక మీద ఇంజనీరు సముద్రపు గాలి గురించి మొదలుపెట్టాడు. అది ఒడ్డుకు చేరే సూచనలు లేవు. కాసేపటికి కౌన్సిలరు కుర్చీలో అటూ ఇటూ కదిలి, లేచి, గోదాముల వెనక్కి నడిచాడు.

అక్కడ గోడ ఉండాల్సిన చోట మెయిన్ రోడ్డు కనిపించింది. మెయిన్ రోడ్డుకు ఆయన కనిపించాడు. బస్సులో ఎవరో గుర్తుపట్టి నమస్కారం పెట్టారు.

తిరిగి నమస్కారం పెట్టి, వచ్చి భార్య పక్కన మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చున్నాడు.

వేదిక మీంచి చైర్మన్ మైకులో, "ఎండగా ఉంది, సభ ఇంకా చాలాసేపుంది, అందరికీ ఇంకో బాటిల్ ఇవ్వండి" అన్నాడు.

కౌన్సిలరు తన బాటిల్ అందుకుని, మూత తియ్యకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.