పెట్టినవాడు తాగని నీళ్లు

దావూదు ఆ రోజు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే షెడ్డు ముందు నాలుగు కుండలు పెట్టాలి, వాటి నిండా మంచినీళ్లు పోయాలి, రెండు గ్లాసులు గొలుసుతో కట్టాలి, ఎనిమిదింటికల్లా లారీ కిందికి దూరి తన పని తాను చేసుకోవాలి. పిడుగురాళ్ల బైపాస్‌లో ఇరవై ఏళ్లుగా లారీలు బాగుచేస్తున్న మనిషికి నాలుగు కుండలు నిలబెట్టడం ఒక పనా? సరిగ్గా ఇలాంటి పనులే మనిషిని సాయంత్రానికి పిప్పి చేసి వదులుతాయి.

కుండలు తల్లి మస్తాన్‌బీ పేరు మీద. ఆవిడ పోయి ఆ రోజుకి ఏడాది. సున్నపు బట్టీల్లో ముప్ఫై ఏళ్లు రాళ్లు మోసిన మనిషి. నోటినిండా దుమ్ము, తాగడానికి ఎండలో కాగిన డ్రమ్ము నీళ్లు. పోయేముందు కొడుకును దగ్గరికి పిలిచి, "నా పేరున బిర్యానీలు పెట్టబాక. తిన్నోళ్లు సాయంత్రానికి మర్చిపోతారు. రోడ్డు మీద మంచినీళ్లు పెట్టు. జనం తాగినన్నాళ్లూ ఆ పుణ్యం నాకు చేరతానే ఉంటది" అంది. నీళ్ల దానాన్ని మించిన సదకా లేదని మసీదులో హజ్రత్ గారు కూడా చెప్పారు. దాంతో దావూదుకి ఒకటే బెంగ పట్టుకుంది. నీళ్లు బాగుండాలి. చెడ్డ నీళ్లు పెడితే అమ్మకు చేరేవీ అవేగా!

చిక్కల్లా ఏమిటంటే, అది రంజాన్ నెల. దావూదు ఒక్కపొద్దు ఉన్నాడు. తెల్లవారకముందే నాలుగు ముద్దలు తిని నోరు కట్టుకుంటే, మళ్లీ పొద్దుగూకాక అజాన్ వినబడేదాకా చుక్క నీరు గొంతు దిగకూడదు. తను పోసిన నీళ్లు ఎలా ఉన్నాయో తను రుచి చూసుకునే దారి లేదు.

"కొత్త కుండలు రెండ్రోజులు నానబెట్టాలయ్యా" అని భార్య గుల్షన్ ముందే చెప్పింది.

"ఇయ్యాళ అమ్మ పోయిన రోజే. రెండ్రోజుల తర్వాత పెడితే ఏం బాగుంటది?" అని దావూదు కొట్టిపారేశాడు.

బట్టీ పనికి పోతూ లింగమ్మ మొదటి గ్లాసు తాగింది. మస్తాన్‌బీతో కలిసి రాళ్లు మోసిన మనిషి కాబట్టి మొహమాటం లేదు.

"మట్టివాసనొస్తందిరా అబ్బాయ్."

దావూదు నాలుగు కుండలూ గుమ్మరించి, తోమి, వాటర్ ప్లాంటు నుంచి మళ్లీ క్యాన్లు మోసుకొచ్చి నింపాడు. ఎదురుగా టీకొట్టు పెట్టుకున్న మస్తాన్‌రావును పిలిచి తాగించాడు. మస్తాన్‌రావు కళ్లు మూసుకుని, నోట్లో పుక్కిలించి, మింగి, చాలాసేపు ఆలోచించాడు.

"బాగానే ఉండయ్యి గానీ బావా, చప్పగా ఉండయ్యి. రెండు వట్టివేళ్లు పడేస్తే దర్జాగా ఉంటది."

దావూదు వట్టివేళ్లు తెచ్చాడు. అప్పటికి పదకొండయింది. మార్చి నెల ఎండ సున్నపు దుమ్ములో కలిసి కళ్లలో కొడుతోంది. పొద్దుటినుంచి పన్నెండు క్యాన్లు మోశాడు. నాలుక అంగిట్లో అంటుకుపోయింది. రిపేరుకొచ్చిన లారీ గేరుబాక్సు నేలమీదే పడి ఉంది. ఒక్కపొద్దు ఉండమన్నారు గానీ, నీళ్ల క్యాన్లు భుజాన పెట్టుకుని ఉండమని ఎవరూ అనలేదు. అయినా కుండల దగ్గర కాపలా కూర్చుని, వచ్చినవాడినల్లా అడగడం మొదలుపెట్టాడు.

"ఎట్టుండయ్యి? ఏమన్నా తేడాగా ఉండయ్యా? నిజం చెప్పన్నా, ఏమీ అనుకోను."

ఇన్నిసార్లు అడిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆపేశాడు.

"గా ఏర్లు ఏందన్నా కుండల?"

"వట్టివేళ్లు. చలవ చేస్తయ్యి. తాగి ఎట్టుండయ్యో చెప్పు."

"నువ్వు తాగినవా?"

"నేను తాగను."

"ఎందుకు తాగవ్?"

"ఒక్కపొద్దున్నాను."

డ్రైవరు దావూదును కిందినుంచి పైదాకా చూశాడు. "మా అవ్వ శనివారం శనివారం ఒక్కపొద్దుంటది. నీళ్లు తాగుతది, రెండు పూటల చాయ్ గూడ తాగుతది. నీళ్లు తాగని ఒక్కపొద్దు యాడుందే?" అని గ్లాసులో నీళ్లు రోడ్డు మీద పారబోశాడు. పోతూ పోతూ కుండలకీ దావూదుకీ కలిపి ఒక ఫోటో తీసుకున్నాడు.

ఆ తర్వాత జరిగినవాటికి దావూదు ప్రమేయం ఏమీ లేదు. 'వేళ్లు కలిపిన నీళ్లు, పెట్టినవాడు తాగడంట' అని ఫోటో వాట్సాప్‌లో బయల్దేరింది. బట్టీల దగ్గరికి చేరేసరికి ఒకరికి వాంతులయ్యాయి. బస్టాండుకి చేరేసరికి ఇద్దరిని ఆస్పత్రిలో చేర్చారు. మూడు గంటలకల్లా కుండల చుట్టూ జనం పోగయ్యారు. ఎవరూ తాగడం లేదు, ఎవరూ పోవడం లేదు. తన పాటికి తను పోయేవాడు కూడా ఆగి, విషయం కనుక్కుని, తాగకుండా నిలబడిపోతున్నాడు.

ఐదింటికి లింగమ్మ పని దిగి వచ్చింది.

"పొద్దున అందరికంటే ముందు తాగింది ఈవిడే!" అని అరిచాడు మస్తాన్‌రావు. "చెప్పు పిన్నీ, బాగానే ఉండావుగా?"

"నాకేం? గుండ్రాయిలాగా ఉండా" అన్న లింగమ్మ, చుట్టూ ఉన్న మొహాలు చూసి, వాంతుల సంగతీ ఆస్పత్రి సంగతీ విని, మెల్లగా పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "మీరంటంటే నాక్కూడా లోపల ఏందో తిప్పినట్టుందయ్యా" అంటూ అక్కడే అరుగు మీద కూలబడింది.

అప్పుడే కానిస్టేబుల్ సాల్మన్ రాజు బండి దిగాడు. పొద్దుట్నుంచి నాలుగు చోట్ల బందోబస్తు చేసి వచ్చిన మనిషి. మొహం వాడిపోయి ఉంది.

"ఏందయ్యా ఇది? కుండలు తీసేయ్."

"సార్, మా అమ్మ పేరు మీద పెట్టినయ్యి సార్."

"అయితే నువ్వొక గ్లాసు తాగు. నేను చూసి పోతా."

"ఒక్కపొద్దు సార్. అజాన్ అయ్యేదాకా తాగకూడదు."

సాల్మన్ రాజు టోపీ తీసి తల గోక్కున్నాడు. "మా చర్చిలో కూడా నలభై రోజుల ఉపవాసాలే జరగతన్నయ్యి. మేం నీళ్లు తాగుతాం మరి."

"మీరే ఒక గ్లాసు తాగి చూడండి సార్" అన్నాడు మస్తాన్‌రావు.

"నేను డ్యూటీలో ఉన్నా" అన్నాడు సాల్మన్ రాజు కాస్త వెనక్కి జరుగుతూ. "అజాన్ ఎన్నింటికి?"

"ఆరూ ఇరవై ఐదుకి."

"సరే, అప్పటిదాకా చూస్తా. నువ్వు తాగితే కుండలుంటయ్యి. తాగకపోతే ట్రాలీ పిలిచి ఎత్తిచ్చేస్తా. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోబాకండి."

అలా పిడుగురాళ్ల బైపాస్ మీద డెబ్భై ఎనభై మంది నాలుగు నిండు కుండల చుట్టూ నోళ్లు ఎండబెట్టుకుని కూర్చున్నారు. మస్తాన్‌రావు కొట్టు కట్టేసి వచ్చి ముందు వరసలో చేరాడు. ఎవరికీ అక్కణ్ణించి కదలాలని లేదు, కదిలితే ఏం జరిగిందో తెలియదని భయం. లింగమ్మ పెదవులు తడుపుకుంటోంది. సాల్మన్ రాజు రెండు నిమిషాలకోసారి గడియారం చూస్తున్నాడు. దావూదు మాత్రం అలసటతో కుండలకి ఆనుకుని, వాటిలో ఒకదాన్ని చేత్తో నిమురుతూ కూర్చున్నాడు. ఏడాదంతా అనుకుని, ఒక్కరోజు కూడా నిలబెట్టలేకపోయానే అని అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

అజాన్ వినబడింది.

దావూదు జేబులోంచి ఖర్జూరం తీసి, బిస్మిల్లా అని నోట్లో వేసుకున్నాడు. గ్లాసు ముంచుకుని ఎత్తాడు. ఎనభై మందీ ఊపిరి బిగబట్టి అతని గొంతునే చూస్తున్నారు. గ్లాసు ఖాళీ అయింది.

"ఎట్టుండయ్యి బావా?" అన్నాడు మస్తాన్‌రావు ఉండబట్టలేక.

దావూదు నిజంగానే ఆలోచించాడు. మట్టివాసనా? చప్పదనమా? వట్టివేరా? ఏమీ తెలియలేదు. పదమూడు గంటల దాహం మీద ఏ నాలుకైనా ఏం తీర్పు చెబుతుంది?

"తెలవట్లేదు మస్తాన్‌రావూ. ఇంకో గ్లాసు ముంచు."

ఆ గ్లాసు అతనికి దక్కలేదు. లింగమ్మ పొట్ట సంగతి మర్చిపోయి ముందుకు దూకింది. ఆమె వెనక బట్టీవాళ్లు, వాళ్ల వెనక లారీవాళ్లు. గొలుసులు తెగాయి, దోసిళ్లు పట్టారు, సీసాలు ముంచారు. మట్టివాసన అన్నవాళ్లు లేరు. లింగమ్మ మూడో దోసిలి తాగి కొంగుతో మూతి తుడుచుకుని, "మస్తాన్‌బీ చల్లగుండాల" అంది. ఆ మాట విన్నాక దావూదుకి రెండో గ్లాసు అక్కర్లేదనిపించింది. అమ్మకు చేరాయి. ఎలా ఉన్నా సరే, చేరాయి.

చివరికి సాల్మన్ రాజు మిగిలాడు. నాలుగు కుండలూ తొంగి చూసి, ఆఖరి దాన్ని బోర్లా వంచి, అరగ్లాసు పట్టుకుని గుక్కలో తాగాడు. మీసం తుడుచుకుని టోపీ పెట్టుకున్నాడు.

"కేసేం లేదు. రేపట్నుంచి ఇంకో రెండు కుండలు పెట్టు."